సాయినగర్ ఆస్పత్రిలో నా వెండింగ్ మిషన్

అనంతపురంలో వెండింగ్ మిషన్ అంటే చాలామందికి గుర్తొచ్చేది ఆఫీసుల్లో, పెళ్లి మండపాల్లో కనబడే టీ, కాఫీ మిషనే. బటన్ నొక్కితే ప్రీమిక్స్ పొడి, వేడినీళ్లు కలిసి కప్పులో పడతాయి. నేను పెట్టింది అది కాదు. అద్దం వెనక వరుసల్లో నీళ్ల బాటిళ్లు, బిస్కెట్లు, చిక్కీలు, సబ్బులు ఉంటాయి. నంబరు నొక్కి, ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బు కడితే ఆ వరుసలో స్ప్రింగ్ తిరుగుతుంది, వస్తువు కింద పెట్టెలో పడుతుంది. 2025 ఎండలు ముదరకముందే సాయినగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి కింది అంతస్తులో దీన్ని పెట్టాను. అప్పటినుంచి ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. అందరూ మొదట అడిగేది ఒకటే: "మిషన్ ఎంత పడింది అన్నా?" నేను మాత్రం మిషన్ దగ్గర మొదలుపెట్టలేదు. అందుకే మొత్తం వరసగా రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లుగా ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర లైన్ సేల్స్ చేస్తున్నాను. బుక్కరాయసముద్రం, శింగనమల, నార్పల వైపు అంగళ్లకు బిస్కెట్లు, చిప్స్, సబ్బులు వేస్తాను. ఏ ప్యాకెట్టు మీద అంగడివాడికి ఎంత మిగులుతుందో నాకు నోటికి వచ్చు. యూట్యూబ్‌లో అమెరికా వెండింగ్ వీడియోలు చూసి ఉత్సాహపడేవాళ్లకు ముందు చెప్పాల్సింది కూడా ఇదే. అక్కడ మిషన్ ఓనరు తనకు గిట్టుబాటయ్యే రేటు తనే పెట్టుకుంటాడు. మన దగ్గర ప్యాకెట్టు మీద ఎంఆర్పీ ఉంటుంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం దానిమీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు. ఒకే సరుకుకు అంగడిలో ఒక ఎంఆర్పీ, మాల్‌లో ఇంకో ఎంఆర్పీ వేసే పద్ధతిని కూడా 2018 జనవరి 1 నుంచి ఆపేశారు. కాబట్టి కరెంటు, అద్దె, మిషన్ కంతు అన్నీ డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే మార్జిన్‌లోనే సర్దుకోవాలి.

ఆ మార్జిన్ ఎంతంటే, నాకు 10 రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు మీద రూపాయి దాకా మిగులుతుంది. 20 రూపాయల చిప్స్ మీద రెండు రూపాయలు, చిన్న కూల్‌డ్రింక్ మీద రెండు, రెండున్నర. వీటితోనే మిషన్ నింపితే కంతు కూడా రాదు. లీటరు నీళ్ల బాటిల్ సంగతి వేరు. 20 రూపాయల బాటిల్ పెట్టెల లెక్కన కొంటే 12 రూపాయలకు పడుతుంది, 8 మిగులుతుంది. పాతూరు వైపు ఒకాయన చేసే చెనిక్కాయ చిక్కీ, బ్రష్షు, పేస్టు కలిపిన చిన్న కిట్టు, దువ్వెన, సబ్బు, ప్యాడ్లు, ఫోన్ చార్జర్ వైరు లాంటివాటి మీద పాతిక శాతం, ఆపైన వస్తుంది. ఇదంతా కాగితం మీద రాసుకున్నాక, ఈ సరుకు రాత్రీ పగలూ ఎక్కడ అవసరమవుతుందో ఆ చోటే వెతకాలని తేలిపోయింది.

నాకు ఆస్పత్రి తట్టడానికి ఇంకో కారణం ఉంది. మా నాయనకు ఆపరేషన్ అయినప్పుడు సాయినగర్‌లోనే వరండాలో పడుకున్నాను. కళ్యాణదుర్గం, రాయదుర్గం, కదిరి నుంచి అర్ధరాత్రి వచ్చి దిగేవాళ్లను చూశాను. కట్టుబట్టలతో వస్తారు. సబ్బు ఉండదు, బ్రష్షు ఉండదు, తాగడానికి నీళ్లుండవు. ఆ టైములో తెరిచి ఉన్న ఒకటి రెండు చోట్ల నీళ్ల బాటిల్‌కు కూలింగ్ చార్జీ అని అయిదు రూపాయలు ఎక్కువ లాగుతారు. కష్టంలో ఉన్న మనిషి బేరమాడడు, ఇచ్చేస్తాడు. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రాత్రి రెండింటికి కూడా ఎంఆర్పీకే చల్లటి నీళ్లు దొరకాలనేది నా పట్టుదల.

వేరే చోట్లు కూడా చూడకపోలేదు. ఇంజినీరింగ్ కాలేజీల్లో పిల్లలు బాగానే కొంటారు గానీ సెమిస్టర్ సెలవులొస్తే మిషన్ మూగబోతుంది, కంతు మాత్రం ఆగదు. పైగా చాలాచోట్ల క్యాంటీన్ కాంట్రాక్టులో "ఇంకెవరూ అమ్మకూడదు" అనే షరతు ఉంటుంది. ఆర్టీసీ బస్టాండులో చోటు కావాలంటే టెండరు ద్వారా పోవాలి, ఒక్క మిషన్‌తో మొదలుపెట్టే నాలాంటివాడికి ఆ అద్దె తట్టుకునేది కాదు.

ఆస్పత్రి మేనేజరు సారు మొదటిరోజే అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "మిషన్ డబ్బు మింగిందనుకో, పేషెంటు తాలూకు మనుషులు వచ్చి మా రిసెప్షన్ మీద పడతారు. ఆ పూచీ ఎవరిదప్పా?" నాదేనన్నాను. మిషన్ మీద నా నంబరు పెద్ద అక్షరాలతో రాయించాను. క్యాంటీన్ నడిపే అన్న మాత్రం నిజంగానే బాధపడ్డాడు: "నా పొట్ట కొట్టడానికి వచ్చినావా సామీ?" ఆయనతో కూర్చుని తేల్చుకున్నాం. టీ, కాఫీ, పఫ్, కేకు, టిఫిన్ ఏదీ నా మిషన్‌లో ఉండదు. ఆయన తొమ్మిదింటికి మూసేస్తాడు, అసలు నా బేరం ఊపందుకునేది ఆ తర్వాతే. ఇది నోటిమాటగా వదిలెయ్యలేదు, 11 నెలల అగ్రిమెంటులోనే రాయించాం. నెలకు 3,000 అద్దె, కరెంటుకు విడిగా సబ్ మీటర్. అమ్మకంలో వాటా ఇస్తానంటే మేనేజరు ఒప్పుకునేవాడే గానీ, లెక్కలు చూపించే తలనొప్పి ఎందుకని నేనే స్థిరమైన అద్దె అడిగాను. మిషన్ పెట్టే చోట మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో, గుమ్మం వెడల్పు ఎంతో, వెనక గాలి ఆడే ఖాళీ ఉందో లేదో మా బావమరిది టేపు పెట్టి కొలిచాడు. అతను ఫ్రిజ్, ఏసీ మెకానిక్. ఈ పనిలో సగం ధైర్యం అతనిదే.

ఇక మిషన్. పాతది కొందామా, కొత్తది కొందామా అని చాలా తర్జనభర్జన పడ్డాం. బెంగళూరులో సెకండ్ హ్యాండ్ ఫారిన్ మిషన్లు సగం ధరకు దొరుకుతాయి. ఇనుము గట్టిది, చూడ్డానికి బాగుంటాయి. కానీ ఒకటి 110 ఓల్టులది, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఇక్కడ నడవదు. ఇంకోదాంట్లో నోట్లు తీసుకునే పెట్టె 2016 నోట్ల రద్దు తర్వాత వచ్చిన కొత్త నోట్లను గుర్తుపట్టడం లేదు. దాని సాఫ్ట్‌వేర్ మార్చేవాడు లేడు. బోర్డు పోతే ఎక్కడ దొరుకుతుందంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. మా బావమరిది ఒక్కమాటలో తేల్చేశాడు: "కంప్రెసర్ పోతే నేను చేస్తా బావా, బోర్డు పోతే నేనేం చెయ్యలేను." దాంతో బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో, మిషన్లు ఇక్కడే బిగించే ఒక చిన్న కంపెనీ దగ్గరికి వెళ్లాం.

అక్కడికి వట్టిచేతులతో పోలేదు. నేను అమ్మబోయే సరుకంతా ఒక సంచిలో తీసుకుపోయాను: లీటరు బాటిల్, చిప్స్, చిక్కీ, సబ్బు, బ్రష్షు కిట్టు, ప్యాడ్ల ప్యాకెట్టు. వాళ్లు డెమోకు పెట్టుకున్న కూల్‌డ్రింక్ డబ్బా ఏ మిషన్‌లోనైనా చక్కగానే పడుతుంది. మన సరుకు పడుతుందా లేదా అన్నదే చూసుకోవాలి. స్ప్రింగ్ ఎన్ని చుట్లుంటే అన్ని వస్తువులు పడతాయి. చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు వస్తువు మందానికి సరిపోవాలి. ఉబ్బిన చిప్స్ ప్యాకెట్టును ఇరుకు స్ప్రింగ్‌లో దూరిస్తే వేలాడుతుంది, పడదు. సబ్బును వెడల్పు స్ప్రింగ్‌లో పెడితే అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. లీటరు బాటిల్ బరువు కిలో పైనే. అలాంటివి ఆరు వరుసగా ఉంటే వాటిని తొయ్యడానికి మోటారుకు బలం ఉండాలి. ఒక మోడల్‌లో బాటిళ్లు నిండా పెట్టగానే మోటారు మూలిగి ఆగిపోయింది. పై అరలో పెడితే బాటిల్ అంత ఎత్తునుంచి పడి మూత దగ్గర కారింది. నీళ్లు అడుగు రెండు అరల్లోనే ఉండాలని, ఆ అరలకు పెద్ద మోటార్లు వెయ్యాలని అక్కడే రాయించుకున్నాం.

అన్నిటికంటే ముఖ్యమైనది డ్రాప్ సెన్సార్. వస్తువు పడే దారిలో కంటికి కనబడని కిరణాల తెర ఉంటుంది. ప్యాకెట్టు దాన్ని దాటితేనే మిషన్ అమ్మినట్టు లెక్క. దాటకపోతే స్ప్రింగ్ ఇంకొంచెం తిరుగుతుంది. అప్పటికీ పడకపోతే డబ్బు వెనక్కి పంపుతుంది. ఇది లేని మిషన్ 20 వేలు తక్కువకు ఇస్తామన్నారు. వద్దన్నాను. ఆస్పత్రిలో ఉన్న మనిషి 20 రూపాయలు పోగొట్టుకుని మౌనంగా వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు, మేనేజరుకు ఇచ్చిన మాట కూడా ఉంది. ఆ సెన్సార్ పనిచేస్తుందో లేదో కూడా నమ్మకంతో వదిలెయ్యలేదు. ఒక వరుస ఖాళీగా ఉంచి డబ్బు కట్టి చూశాం, రిఫండ్ మెసేజ్ వచ్చింది. బ్రష్షు కిట్టు సన్నగా ఉంటుంది కదా, అది కిరణాల సందులోంచి జారిపోతుందేమోనని దాన్నే పదేపదే వేసి చూశాం.

పెద్ద టచ్ స్క్రీన్ ఉన్న మోడల్ వాళ్లు గట్టిగా అంటగట్టాలని చూశారు. ప్రకటనలు వేసుకోవచ్చు, డబ్బొస్తుంది అన్నారు. చిన్న డిస్‌ప్లే, రబ్బరు బటన్లు ఉన్నదే తీసుకున్నాను. తడిచేత్తో నొక్కినా బటన్ పలుకుతుంది, పోతే కొద్ది ఖర్చుతో మార్చుకోవచ్చు. ఆ మిగిలిన డబ్బు కూలింగ్ మీద పెట్టించాను. అనంతపురం ఎండ 42, 43 డిగ్రీలు దాటే రోజుల్లో ఆస్పత్రి వరండా కూడా కొలిమిలా ఉంటుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో చూపించే డెమో మనకు పనికిరాదు. చాక్లెట్టు 30 దాటితే చాలు మెత్తబడుతుంది, బెల్లం చిక్కీ సాగుతుంది. అందుకే పెద్ద కంప్రెసర్, రెండు పొరల అద్దం అడిగాం. దుమ్ము తుడవడానికి వీలుగా కండెన్సర్, అంటే వేడిని బయటికి వదిలే భాగం, ముందువైపునుంచి బయటికి రావాలన్నాడు మా బావమరిది. మన ఊరి దుమ్ముకు నెలకోసారి అది తుడవకపోతే కూలింగ్ పడిపోతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది.

డబ్బు కట్టే పద్ధతి గురించి కూడా చెప్పాలి. అంగడిలో అంటించే మామూలు క్యూఆర్ స్టిక్కర్ ఇక్కడ పనిచెయ్యదు. డబ్బు పడినట్టు మన ఫోన్‌కు తెలుస్తుంది గానీ మిషన్‌కు తెలియదు. ప్రతి కొనుగోలుకూ మిషన్ తెరమీద కొత్త క్యూఆర్ రావాలి, డబ్బు పడిందన్న కబురు సిమ్ కార్డు ద్వారా మిషన్‌కు చేరాలి. నోట్లు, నాణేల పెట్టె పెట్టించలేదు. చిల్లర నింపడం, నలిగిన నోట్లు ఇరుక్కోవడం, దొంగల భయం అన్నీ ఉంటాయి. పది రూపాయల నాణెం అన్ని డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పినా మా వైపు ఇంకా కొందరు తీసుకోరు. అయితే ఫోన్‌లో డబ్బు కట్టడం రాని పెద్దవాళ్లు ఉంటారు కదా. వాళ్లకోసం సెక్యూరిటీ అన్నతో మాట్లాడాను. ఆయన తన ఫోన్‌తో కట్టి, చేతికి డబ్బు తీసుకుంటాడు. పైన రూపాయి కూడా తీసుకోకూడదని, బదులుగా రోజూ ఆయన నీళ్లు నావని మాట.

బేరమాడి మిషన్ 1,85,000కు తెచ్చాం. అందులో 20 వేలు ఇక్కడ బిగించి వారం నడిచాకే ఇస్తానన్నాను. గొణిగారు గానీ ఒప్పుకున్నారు. రెండు మోటార్లు, నాలుగు స్ప్రింగులు, ఒక తాళం సెట్టు అదనంగా అడిగి తీసుకున్నాను. స్టెబిలైజర్, రవాణా, మొదటి సరుకు కలిపితే రెండు లక్షలు దాటింది. ముద్ర లోన్‌లో 50 వేల నుంచి 5 లక్షల దాకా ఉండే కిశోర్ కింద లక్షన్నర వచ్చింది, మూడేళ్లకు నెలకు 4,900 చిల్లర కంతు. బ్యాంకులో కొటేషన్, ఆస్పత్రితో చేసుకున్న అగ్రిమెంటు, చిన్న వ్యాపారాల నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అడిగారు. చేతిలో అగ్రిమెంటు ఉండటం వల్ల బ్యాంకు మేనేజరు నమ్మాడని నా ఉద్దేశం. ఉద్యమ్‌కు డబ్బు కట్టక్కర్లేదు, ఆన్‌లైన్‌లో మనమే చేసుకోవచ్చు. ఫుడ్ సేఫ్టీ బేసిక్ రిజిస్ట్రేషన్‌కు నాకు ఏడాదికి 100 రూపాయలు పడింది. ఆ 14 అంకెల నంబరు మిషన్ మీద కనబడేట్టు అంటించాను. చిక్కీ చేసే ఆయనకు కూడా ఆ నంబరు, తయారీ తేదీ, ఎంఆర్పీ లేబుల్ మీద ఉండాలని చెప్పి మార్పించాకే సరుకు తీసుకున్నాను.

మిషన్‌ను బొలెరో పికప్‌లో నిలబెట్టే తెచ్చాం. పడుకోబెడితే కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి పోతుంది. దించాక కూడా వెంటనే ఆన్ చెయ్యకుండా ఆ రాత్రంతా అలాగే ఉంచాం. 250 కిలోల పైనున్న మిషన్‌ను గుమ్మం దాటించడానికి ఆస్పత్రి అటెండర్లు, పక్క మెడికల్ షాపు పిల్లలు కూడా చెయ్యేశారు.

మొదటి వారాల్లో వచ్చిన ఇబ్బంది మిషన్‌ది కాదు, కరెంటుది. కరెంటు పోయి ఆస్పత్రి జనరేటర్ అందుకునేలోపు కొన్ని సెకన్లు ఖాళీ వస్తుంది. సరిగ్గా అప్పుడే ఎవరైనా డబ్బు కడితే బోర్డు ఆఫయి మళ్లీ ఆన్ అవుతుంది, వస్తువు పడదు. రాత్రి పదకొండుకు ఫోన్: "ఏమన్నా, డబ్బు పోయింది, బాటిల్ పడలే." డబ్బు కట్టినా అమ్మేవాడికి ఆ కబురు చేరకపోతే అది అయిదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలని రిజర్వు బ్యాంకు 2019 నుంచి నిబంధన పెట్టింది. కానీ ఆస్పత్రిలో దాహంతో నిలబడ్డ మనిషికి అయిదు రోజుల లెక్క చెప్పలేం కదా. నా ఫోన్‌లోనుంచే ఇంకో బాటిల్ పడేసేవాణ్ణి, మిషన్ యాప్‌లో ఆ వీలుంది. తర్వాత మా బావమరిది బోర్డుకూ సిమ్ మోడెమ్‌కూ మాత్రం చిన్న యూపీఎస్ తగిలించాడు. కంప్రెసర్‌ను దానికి కలపలేదు, అది స్టెబిలైజర్ మీదే మూడు నిమిషాలు ఆగి మొదలవుతుంది. అప్పటినుంచి ఆ ఫోన్లు దాదాపు ఆగిపోయాయి.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పుడు నీళ్లు, బిస్కెట్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి వచ్చింది. కొన్ని ప్యాకెట్లకు 9, 18 లాంటి ధరలొచ్చాయి. అంగళ్లలో చిల్లర లేక గొడవలు పడ్డారు గానీ నాకు యాప్‌లో ధర మారిస్తే సరిపోయింది. పాత ఎంఆర్పీ సరుకు, కొత్తది ఒకే వరుసలో కలిసిపోకుండా అర అరా ఖాళీ చేసి నింపడం మాత్రం ఓపిక పని.

లెక్క దాచకుండా చెప్తాను. నెలకు సుమారు 60 వేల అమ్మకం. రోజుకు నలభై బాటిళ్ల దాకా నీళ్లే పోతాయి, లాభంలో మూడింట రెండు వంతులు వాటిదే. మార్జిన్ 14 వేల పైచిలుకు వస్తుంది. అందులో అద్దె 3,000, కరెంటు 1,500 దాకా, సిమ్, సాఫ్ట్‌వేర్ ఫీజు 900, ఎక్స్‌పైరీ, డ్యామేజీ ఒక 500 పోతాయి. కంతు కట్టాక చేతికొచ్చేది మూడున్నర వేలు. ఒక్క మిషన్‌తో ఇల్లు గడవదు. ఉద్యోగం మానేసి దీంట్లోకి దిగుతానన్న తమ్ముళ్లకు వద్దనే చెప్తాను. నేను ఇంకా లైన్ సేల్స్ చేస్తూనే ఉన్నాను, రోజూ సాయంత్రం ఇంటికి పోయే దారిలో సరుకు నింపుతాను. కంతు తీరాక పరిస్థితి మారుతుంది, మిషన్ అప్పటికి ఇంకా చాలా ఏళ్లు నడవాలి. అందుకే స్క్రీన్ మీద కాకుండా మోటారు, కంప్రెసర్ మీద డబ్బు పెట్టాను.

ఇప్పుడు రెండోదానికి జేఎన్‌టీయూ రోడ్డులో ఒక ఆడపిల్లల హాస్టల్‌తో మాట్లాడుతున్నాను. అక్కడ నీళ్ల ప్లాంటు వాళ్లకే ఉంది కాబట్టి కూలింగ్ అవసరం లేదు. గోడకు తగిలించే చిన్న మోడల్ చాలు, ధర సగం కూడా పడదు, కరెంటు ఖర్చు నామమాత్రం. వార్డెన్ మేడమ్ రెండు వరుసలు ప్యాడ్లకే కావాలన్నారు. ఆ ప్యాకెట్టు మందం కొలిచి స్ప్రింగ్ సందు ఎంతుండాలో పీణ్యాకు రాసి పంపాను. బటన్ల పక్కన తెలుగులో ఏమి రాయాలో కూడా నేనే రాసిచ్చాను, మొదటి మిషన్‌లో వాళ్లు వేసిన తెలుగులో ఒత్తులు విడిపోయాయి. ఈసారి అచ్చు వేసేముందు ఫోటో పంపిస్తామన్నారు.